మాట లేని బొమ్మకు మనసుకో అర్థం

నెదర్లాండ్స్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన మైకేల్ డుడోక్ డె విట్ 2000లో ‘ఫాదర్ అండ్ డాటర్’ అనే యానిమేషన్ చిత్రం తీశాడు. నిడివి ఎనిమిది నిమిషాలు. ఒక్క మాట కూడా ఉండదు. తండ్రీ కూతురూ సైకిళ్ళు తొక్కుకుంటూ నీటి గట్టు దగ్గరికి వస్తారు. తండ్రి పడవ వైపు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి కూతుర్ని హత్తుకుని, పడవెక్కి వెళ్ళిపోతాడు. ఆ పిల్ల ఆ గట్టుకు వస్తూనే ఉంటుంది. చిన్నపిల్లగా, పడుచుగా, భర్తతో, పిల్లలతో, చివరికి సైకిల్‌ను సరిగ్గా నిలబెట్టలేని ముసలితనంలో. అప్పటికి నీళ్ళు ఎండిపోయి అక్కడ గడ్డి మొలిచి ఉంటుంది. ఆమె గట్టు దిగి గడ్డిలో నడిచి, సగం కూరుకుపోయిన పడవను చూసి, అందులో పడుకుంటుంది. తర్వాత లేచి పరుగెడుతుంది. పరుగెడుతుంటే వయసు తగ్గుతూ పోయి మళ్ళీ పడుచుపిల్ల అవుతుంది. ఎదురుగా తండ్రి నిలబడి ఉంటాడు.

ఈ చిత్రానికి 2001లో ఆస్కార్ వచ్చింది. పాతికేళ్ళుగా చూసినవాళ్ళు దాని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. తండ్రి చనిపోయాడు, పడవ ప్రయాణమే చావు అంటారు కొందరు. ఇల్లు విడిచిపోయిన తండ్రి కథ అంటారు ఇంకొందరు. యుద్ధానికి వెళ్ళాడనీ, వలస పోయాడనీ, ప్రాణం తీసుకున్నాడనీ చెప్పేవాళ్ళున్నారు. ముగింపు పరలోకంలో కలయికా, కలా, చివరి ఊపిరిలో మెదిలిన తలపా అన్నదీ తేలలేదు. కళ్ళు తుడుచుకుంటూ లేచినవాళ్ళకూ, కన్నీళ్ళు పిండటానికే తీశారని విసుక్కున్నవాళ్ళకూ కొదవ లేదు. తన చిత్రానికి మూలం ఎడతెగని తపన అని దర్శకుడు చెప్పాడు గానీ తండ్రి ఎందుకు వెళ్ళాడో తెర మీద ఎక్కడా పెట్టలేదు.

అందరూ చూసింది అవే ఎనిమిది నిమిషాలైనప్పుడు స్పందనలు ఇంత వేరుగా ఎందుకుంటాయి? అందులో ఒకటి సరైనదీ, మిగతావి తప్పులూనా? లేక ఎవరికి తోచింది వారికి సరేనా? ఈ రెండు జవాబులూ నాకు సరిపోవు. మాటల్లేని ప్రతీకాత్మక చిత్రం మీద వచ్చే స్పందనలను మూడు అంతస్తులుగా విడదీసి చూడాలి. తెర మీద ఏం జరిగింది, చూస్తుంటే ఏమనిపించింది, అది దేని గురించి. తగాదాలు చాలావరకు ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తాయి. పేరున్న చిత్రాలూ వాటి చుట్టూ నడిచిన చరిత్రా చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

కన్ను కల్పించే కథ

1944లో అమెరికాలోని స్మిత్ కాలేజీలో ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమ్మెల్ అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. రెండున్నర నిమిషాల మూగ యానిమేషన్ తయారు చేశారు. అందులో ఉన్నవి ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపులా తెరుచుకునే భాగమున్న ఒక దీర్ఘచతురస్రం. ఆకారాలు కదులుతాయి, తాకుతాయి, లోపలికి వెళ్ళి బయటికి వస్తాయి. మొదటి బృందంలో 34 మందికి దీన్ని చూపించి, ఏం జరిగిందో రాయమన్నారు. ఒక్కరు తప్ప అందరూ ప్రాణమున్నవాటి కథే రాశారు. పెద్ద త్రిభుజం చాలామందికి దౌర్జన్యం చేసేవాడిలా కనబడింది. చిన్న త్రిభుజం, వృత్తం వాడి చేతిలో నలిగే జంట అయ్యాయి.

ఈ ప్రయోగాన్ని తలచుకున్నప్పుడల్లా మనుషులు లేని చోట మనుషుల్ని ఊహించుకుంటామన్న సంగతే ముందు చెబుతారు. అంతే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఎవరికి వారే రాసినా వాళ్ళ కథలు చాలావరకు కలిశాయి. కదలికను బట్టి ఎవరు తరుముతున్నారో, ఎవరు తప్పించుకుంటున్నారో కన్ను ఇట్టే పోల్చుకుంటుంది. మొదటి అంతస్తులో మనం అనుకునేదానికంటే ఎక్కువ ఏకాభిప్రాయం ఉంది.

రెండో అంతస్తు అంత గట్టిది కాదు. 1988లో శాండ్రా మార్షల్, అనబెల్ కోహెన్ ఇలాంటి ఆకారాల చిత్రాన్నే వేర్వేరు సంగీతాలతో చూపించారు. బొమ్మ మారలేదు, సంగీతం మారింది. దాంతో ఆ ఆకారాల స్వభావం గురించి చూసినవాళ్ళ అంచనాలు మారాయి. మాట లేనంత మాత్రాన చిత్రం మౌనంగా ఉందని కాదు. ‘ఫాదర్ అండ్ డాటర్’లో ఇవనోవిచి రాసిన ‘డాన్యూబ్ అలలు’ వాల్ట్జ్ రకరకాలుగా మారుతూ మొదటి నుంచి చివరిదాకా నడుస్తుంది. ఏడ్చినవాళ్ళనూ, ఏడిపించారని విసుక్కున్నవాళ్ళనూ కదిలించిన వాటిలో ఆ సంగీతం వాటా పెద్దది. చిత్రం నచ్చలేదన్నవాళ్ళను సంగీతం గురించి అడిగితే వాళ్ళ అభ్యంతరం ఎక్కడుందో చాలాసార్లు తెలిసిపోతుంది.

పొద్దు గుంకిన సంగతి

ఈ ప్రశ్న మన అలంకారికులకు కొత్తది కాదు. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో దాన్ని వివరిస్తూ ఒక ఉదాహరణ ఇచ్చాడు. పొద్దు గుంకిందని ఎవరో అన్నారు. సేనాపతికి అది శత్రువు మీద పడే వేళ. ప్రియుణ్ణి కలవాల్సిన స్త్రీకి బయల్దేరే వేళ. కూలికి పని ఆపే వేళ. పశువుల కాపరికి మందను ఇంటికి తోలే వేళ. అంగడి పెట్టినవాడికి సరుకు సర్దుకునే వేళ. మాట ఒక్కటే. ఎవరు అన్నారు, ఎవరు విన్నారు, ఏ సందర్భంలో అన్నదాన్ని బట్టి వ్యంగ్యార్థం మారింది.

ఇందులో గమనించాల్సిన మెళకువ ఒకటుంది. ఇంతమందిలో ఏ ఒక్కరూ పొద్దు పొడిచిందని అనుకోలేదు. వాచ్యార్థం అందరికీ ఒకటే, దాని మీద లేచిన అర్థాలే వేరు. ప్రతీకాత్మక యానిమేషన్ గురించిన చర్చకు ఇంతకంటే మంచి పునాది నాకు కనబడలేదు. తండ్రి వెళ్ళాడు, కూతురు ఎదురు చూసింది, నీళ్ళు ఎండాయి. ఇది వాచ్యం. చావా, వలసా, తెగతెంపులా అన్నది వ్యంగ్యం. అక్కడ చూసేవాళ్ళ సందర్భం కూడా అర్థంలో భాగమవుతుంది.

ఏ ఇంట పెరిగాం?

చూసేవాళ్ళ సందర్భం ఎంత బలమైనదో 2018లో ‘బావ్’ చూపించింది. చైనాలో పుట్టి కెనడాలోని టొరంటోలో పెరిగిన డోమీ షి పిక్సార్ సంస్థకు తీసిన ఎనిమిది నిమిషాల చిత్రమిది. ఆ సంస్థలో లఘుచిత్రానికి దర్శకత్వం వహించిన మొదటి మహిళ ఆమె. ఒంటరిగా ఉన్న చైనా తల్లి ఆవిరి మీద ఉడికించిన పిండి ముద్దల్లో ఒకటి ప్రాణం పోసుకుంటుంది. ఆమె దాన్ని బిడ్డలా పెంచుతుంది. అది పెద్దదై మాట వినదు, ప్రియురాల్ని తెచ్చుకుని ఇల్లు విడిచి పోబోతుంది. ఆపలేక తల్లి దాన్ని నోట్లో వేసుకుని మింగేస్తుంది. తర్వాత అసలు కొడుకు గదిలోకి వస్తాడు.

‘ఇన్‌క్రెడిబుల్స్ 2’కు ముందు ఈ చిత్రాన్ని థియేటర్లలో వేసినప్పుడు, మింగే ఘట్టం దగ్గర కొందరు పగలబడి నవ్వారు. కొందరు హడలిపోయారు, ఇదేం సినిమా అని అడిగారు. అదే హాల్లో ఆసియా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు కన్నీళ్ళు పెట్టుకున్నారు. బిడ్డ మళ్ళీ తన కడుపులోకి వెళ్ళిపోతే ఎక్కడుందో ఎప్పుడూ తెలిసేదని తల్లి అంటుండేదని, ఆ ఘట్టానికి బీజం అదేనని దర్శకురాలు చెప్పింది. నవ్వినవాళ్ళకు బుద్ధి తక్కువని ఎవరూ అనక్కర్లేదు. ప్రేమను నోటితో చెప్పకుండా వండి పెట్టి చెప్పే ఇంట్లో వాళ్ళు పెరగలేదు, అంతే. ఫోనెత్తగానే ‘అన్నం తిన్నావా’ అని అడిగే అమ్మ ఉన్న తెలుగువాళ్ళకు, ముఖ్యంగా అమెరికాలో, కెనడాలో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకు ఆ వంటగది పరాయిది కాదు.

మన దేశంలో గీతాంజలి రావు 2006లో తీసిన ‘ప్రింటెడ్ రెయిన్‌బో’ ఇంకో మచ్చు. పదిహేను నిమిషాల నిడివి, ఒక్క సంభాషణా లేదు. నగరంలో పిల్లితో ఒంటరిగా బతికే ముసలామె అగ్గిపెట్టెల మీది బొమ్మల్లోకి ప్రయాణం చేస్తుంటుంది. ఆమె గది బూడిద రంగులో, అగ్గిపెట్టెల లోకం నిండు రంగుల్లో ఉంటాయి. కాన్ క్రిటిక్స్ వీక్‌లో మూడు పురస్కారాలు అందుకున్న ఈ చిత్రాన్ని నగరంలో ముసలితనపు ఒంటరితనంగా చూసి బాధపడవచ్చు. గది ఎంత ఇరుకైనా ఊహకు హద్దు లేదని చూసి సంతోషించవచ్చు. రెండు స్పందనలకూ ఆధారం తెర మీదే ఉంది. బూడిద రంగుకు ఎక్కువ బరువిచ్చినవాళ్ళు మొదటిది చెబుతారు, రంగులకిచ్చినవాళ్ళు రెండోది. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటే చిత్రం ఇద్దరికీ పెద్దదవుతుంది.

కాలం మారితే చూపు మారుతుంది

కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్ 1952లో ‘నైబర్స్’ తీశాడు. నిజమైన మనుషుల్నే బొమ్మల్లా ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చిత్రించాడు. ఇద్దరు పొరుగువాళ్ళ మధ్య ఒక పువ్వు పూస్తుంది. దాని కోసం కంచె కడతారు, కొట్టుకుంటారు, పువ్వును తొక్కేస్తారు, ఇద్దరూ చస్తారు. మన పల్లెల్లో పొలం గట్టు తగాదాలు ఎరిగినవాళ్ళకు ఈ కథ విడమర్చి చెప్పాల్సిన పనే లేదు. చివర్లో పొరుగువాణ్ణి ప్రేమించమన్న సందేశాన్ని మెక్‌లారెన్ పలు భాషల్లో తెర మీద రాయించాడు కూడా.

అర్థం అంత తేటగా చెప్పినా స్పందనలు ఒక్కటి కాలేదు. పిచ్చెక్కిన పొరుగువాళ్ళు ఒకరి భార్యాబిడ్డల మీద ఒకరు పడే ఘట్టాన్ని అమెరికా, ఐరోపా ప్రేక్షకులు భరించలేరని తీసేయాల్సి వచ్చింది. అరవైల చివర వియత్నాం యుద్ధం జనం మనసు మార్చాక అదే ఘట్టాన్ని తిరిగి పెట్టమని అడిగారు. అప్పటికి దాని అసలు నెగెటివ్ లేదు. పాత ప్రింటు నుంచి తీసి అతికించాల్సి వచ్చింది. ఘట్టం అదే, చూసే కాలం మారింది. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది డాక్యుమెంటరీ లఘుచిత్రాల విభాగంలో. బహుమతి ఇచ్చినవాళ్ళకు కూడా అది కల్పిత కథగా కంటే లోకం తీరుగా కనబడింది కాబోలు.

జర్మనీకి చెందిన కవల సోదరులు క్రిస్టోఫ్, వోల్ఫ్‌గాంగ్ లావెన్‌స్టైన్ 1989లో తీసిన ‘బ్యాలెన్స్’ కూడా ఇలాంటిదే. గాలిలో తేలే పలక మీద, వీపున అంకెలున్న పొడవాటి కోట్లు తొడుక్కున్న ఐదుగురు. ఒకరు కదిలితే మిగతావాళ్ళూ కదలాలి, లేకపోతే పలక ఒరుగుతుంది. ఒక పెట్టె దొరుకుతుంది. దాని కోసం ఒకరినొకరు తోసేసుకుంటారు. చివరికి ఒక మూల ఒక్కడు, ఎదురు మూల పెట్టె. అడుగు వేస్తే పలక ఒరిగిపోతుంది కాబట్టి దాన్ని ఎప్పటికీ అందుకోలేడు. 1990 మార్చిలో ఆస్కార్ వచ్చేనాటికి బెర్లిన్ గోడ కూలి నాలుగు నెలలు దాటింది. అప్పుడు దాన్ని రెండు అగ్రరాజ్యాల తూకంగా చూడటం సహజం. ఇవాళ చూసే పిల్లలు అందులో భూమి వేడెక్కడం చూడవచ్చు. కృష్ణా నీళ్ళ పంపకం వాదాలు వింటూ పెరిగినవాళ్ళకు ఆ పలక ఇంకోలా ఒరగవచ్చు. ‘ఉమ్మడిది ఒక్కడికే కావాలనుకుంటే ఏమవుతుంది’ అన్న మూలప్రశ్న మాత్రం ఈ అర్థాలన్నిటిలోనూ నిలిచే ఉంటుంది.

అధికారి కూడా ప్రేక్షకుడే

ప్రతీకాత్మక చిత్రాలను అందరికంటే శ్రద్ధగా చూసినవాళ్ళలో ప్రభుత్వాధికారులున్నారు. చెకొస్లొవేకియాలో బొమ్మల చిత్రాల మహాశిల్పి యిర్జీ త్ర్న్‌కా 1965లో ‘ది హ్యాండ్’ తీశాడు. ఒక విదూషకుడు తన గులాబీ మొక్క కోసం కుండలు చేసుకుంటూ బతుకుతుంటాడు. ఒక పెద్ద చెయ్యి వచ్చి, కుండలు మాని నా విగ్రహం చెక్కమంటుంది. ఆశ పెడుతుంది, బెదిరిస్తుంది, పంజరంలో పెట్టి చేయిస్తుంది. తప్పించుకుని వచ్చిన విదూషకుడు ఇంట్లో తన కుండే తల మీద పడి చనిపోతాడు. ఆ చెయ్యే అతనికి ఘనంగా అంత్యక్రియలు చేస్తుంది.

ఆ చెయ్యి ఏ దేశపు ప్రభుత్వానిదో చిత్రం చెప్పదు. ఆ సందే చిత్రానికి రక్షణ అయింది. విడుదలైంది, ప్రదర్శనలు జరిగాయి, ఆన్సీ యానిమేషన్ ఉత్సవంలో పురస్కారం పొందింది. 1968లో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాయి. 1969 డిసెంబరు చివర త్ర్న్‌కా చనిపోయాడు. కొద్ది నెలలకే చిత్రాన్ని నిషేధించారు, రెండు దశాబ్దాలు అది తెర మీదికి రాలేదు. ఐదేళ్ళ క్రితం దాటిపోనిచ్చిన బొమ్మలోనే అధికారం తన చేతిని పోల్చుకుంది.

అదే దేశంలో యాన్ ష్వాంక్‌మాయెర్ 1982లో తీసిన ‘డైమెన్షన్స్ ఆఫ్ డైలాగ్’లో కూరగాయలతో, వంటపాత్రలతో, పుస్తకాలతో చేసిన తలలు ఒకదాన్నొకటి మింగి నమిలి ఉమ్మి, చివరికి అన్నీ ఒకే అచ్చులోకి వచ్చేస్తాయి. బెర్లిన్ ఉత్సవం 1983లో దానికి లఘుచిత్రాల గోల్డెన్ బేర్ ఇచ్చింది. స్వదేశంలో కమ్యూనిస్టు పార్టీ సిద్ధాంత సంఘానికి మాత్రం, ఇలాంటివి రానివ్వకూడదని చెప్పడానికి ఉదాహరణగా దాన్ని చూపించారు. బెర్లిన్ న్యాయనిర్ణేతలూ ప్రాగ్ అధికారులూ చిత్రాన్ని వేర్వేరుగా అర్థం చేసుకున్నారని నేను అనుకోను. ఇద్దరికీ ఒకటే అర్థమైంది. ఒకరికి అది కావాల్సి వచ్చింది, ఇంకొకరికి అక్కర్లేకపోయింది. స్పందనల్లో తేడా కనబడిన ప్రతిచోటా అర్థంలో తేడా ఉందనుకోవడం పొరపాటని దీన్నిబట్టి తెలుస్తుంది.

పక్కన గొంతు ఉంటే

జపాన్‌కు చెందిన కునియో కాటో 2008లో తీసిన ‘ది హౌస్ ఆఫ్ స్మాల్ క్యూబ్స్’ రెండు రూపాల్లో ఉంది, ఒకటి మాట లేకుండా, రెండోది వ్యాఖ్యానంతో. పెరుగుతున్న నీళ్ళ మధ్య ఒక ముసలాయన ఇంటి మీద ఇల్లు కట్టుకుంటూ పైకి పోతుంటాడు. పొగ తాగే పైపు కిందికి జారిపోతే దాని కోసం నీళ్ళలో దూకి, మునిగిపోయిన అంతస్తుల్లో తన గత జీవితాన్ని చూస్తాడు. మాట లేని రూపంలో అది జ్ఞాపకాల కథా కావచ్చు, మునిగిపోతున్న తీరాల కథా కావచ్చు. వ్యాఖ్యానం చేరితే మనసు తడుములాట తగ్గి, చెప్పే గొంతు వెంట నడుస్తుంది. పసిపిల్లలకు అది ఊతం. ఊతం అక్కర్లేనివాళ్ళకు అది అడ్డం.

మన ప్రాంతంలో బొమ్మ పక్కన గొంతు ఉండటం పాత అలవాటు. చేర్యాల నకాషీ పటాన్ని విప్పుతూ కథకులు కులపురాణం చెప్పేవారు. తోలుబొమ్మలాటలో తెర వెనక పాట, పద్యం, కేతిగాడి హాస్యం లేకపోతే ఆటే లేదు. అది లోపం కాదు, బొమ్మా గొంతూ కలిసి పెరిగిన గొప్ప కళ. వట్టి బొమ్మ ఎదురైనప్పుడు మనలో చాలామంది ‘ఇంతకీ ఏం చెప్పదలుచుకున్నాడు’ అని అడగడానికి ఆ అలవాటు కొంత కారణమై ఉంటుంది.

అలాగని మాటల్లేకపోతే మనవాళ్ళు చూడరన్నది నిజం కాదు. సింగీతం శ్రీనివాసరావు 1987లో సంభాషణలు లేకుండా ‘పుష్పక విమానం’ తీస్తే దేశమంతా ఆదరించింది. నిరుద్యోగి కోరిక, భయం, ప్రేమ, చివర్లో చిరునామా కాగితం గాలికి ఎగిరిపోవడం, ఇవేవీ ఎవరికీ విడమర్చి చెప్పాల్సి రాలేదు. ఆ చిత్రంలో మొదటి అంతస్తు రాయిలా గట్టిది. మౌనం మనకు అడ్డం కాదు. ప్రతీకను ఎంతసేపు తేల్చకుండా మనసులో ఉంచుకోగలమన్న ఓపికే మనం పెంచుకోవాల్సింది.

అర్థం కాలేదన్న మాట

‘నాకు అర్థం కాలేదు’ అన్న స్పందనను చిన్నచూపు చూడటం మేధావుల చెడ్డ అలవాటు. ఆ మాట వెనక మూడు సంగతులు ఉండవచ్చు. ఒకటి, ఏదో ఘట్టం కంటికి ఆనలేదు. రెండోసారి చూస్తే తీరిపోతుంది. రెండు, ‘బావ్’లో లాగా ఒక సంస్కృతి తాళంచెవి చేతిలో లేదు. తెలిసినవాళ్ళు చెబితే తీరుతుంది. మూడు, చిత్రమే విఫలమైంది. ఏం జరిగిందో ఎంతమంది ఎన్నిసార్లు చూసినా తేలకపోతే, ఆ మసకకు చిత్రంలో ప్రయోజనం లేకపోతే, తప్పు దర్శకుడిది. ప్రతీక అన్న పేరుతో దాన్ని వెనకేసుకు రావాల్సిన అవసరం లేదు.

మసకకు ప్రయోజనం ఉన్నప్పుడు సంగతి వేరు. పోలండ్‌కు చెందిన జ్బిగ్నీవ్ రిబ్‌చిన్‌స్కీ తీసిన ‘టాంగో’కు 1983లో ఆస్కార్ వచ్చింది. ఒక గదిలోకి బంతి వచ్చి పడుతుంది, పిల్లవాడు తీసుకుని పోతాడు. ఆ పని మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే ఒకరి తర్వాత ఒకరు చేరి 36 మంది అవుతారు. ఎవరి పని వారు చేసుకుంటారు, ఒక్కరూ ఇంకొకరిని తాకరు. దాని కోసం దర్శకుడు దాదాపు 16,000 సెల్ పలకలు గీయాల్సి వచ్చింది. అందరినీ ఒకేసారి చూడటం ఏ కంటికీ సాధ్యం కాదు, అది దర్శకుడికి తెలుసు. ఇరుకు ఫ్లాట్ల బతుకని ఒకరు, పుట్టుక నుంచి చావుదాకా ఒకే గదిలో జీవితమని ఒకరు అంటారు. ఎవరి కన్ను ఎవరిని వెంబడించిందో దాన్నిబట్టి అర్థం పుడుతుంది.

ఇటలీ పండితుడు ఉంబెర్టో ఎకో 1962లో కళాఖండం చూసేవాడి చేతిలో పూర్తవుతుందని ఒక పుస్తకం రాశాడు. 1990లో వ్యాఖ్యానానికి హద్దులున్నాయని ఇంకో పుస్తకం రాశాడు. రెండూ కలిపి చదవాలి. ‘ఫాదర్ అండ్ డాటర్’లో పడవ చావు అనవచ్చు, వలస అనవచ్చు. కూతురు తండ్రిని మరిచిపోయిందని మాత్రం అనలేం. ఆమె మళ్ళీ మళ్ళీ ఆ గట్టుకే వస్తుంది, ఆ వ్యాఖ్యను బొమ్మే ఒప్పుకోదు.

మనం చేయగలిగింది

ఇన్ని ఉదాహరణల తర్వాత నా నిర్ణయం ఇది. మొదటి అంతస్తులో తేడా వస్తే మళ్ళీ చూసి తేల్చుకోవాలి. రెండో అంతస్తులో తేడా వస్తే గౌరవించాలి, ఒకరి ఏడుపును ఇంకొకరు కొట్టిపారేయకూడదు. మూడో అంతస్తులో తేడా వస్తే ‘ఏం చూసి అలా అంటున్నారు’ అని అడగాలి. అమెరికాలో అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ మ్యూజియాల కోసం రూపొందించిన బోధనా పద్ధతి ఈ తీరుకు దగ్గరగా నడుస్తుంది. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది, ఏం చూసి అలా అనుకున్నారు, ఇంకేం కనబడుతోంది అని పిల్లల్ని అడుగుతారు.

హైదరాబాదు పలుమార్లు అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి ఆతిథ్యమిచ్చిన ఊరు. యానిమేషన్ స్టూడియోలున్న ఊరు. ఇక్కడి బడుల్లో, మన జిల్లాల ఫిల్మ్ సొసైటీల్లో మాటల్లేని లఘుచిత్రాలు వేయడానికి పెద్ద ఖర్చు లేదు, భాష అడ్డం అంతకన్నా లేదు. వేసిన తర్వాత ‘ఇందులో నీతి ఏమిటి’ అని మాత్రం మొదట అడగవద్దు. ఆ ప్రశ్న పడగానే పిల్లలు తెర మీద చూసింది వదిలేసి, మాస్టారికి నచ్చే జవాబు వెతుక్కుంటారు. ఏం చూశావని అడగండి. ఆ జవాబులు గదిలో అందరూ వినేలా చెప్పించండి. తన కంటికి ఆననిది పక్క పిల్లకు కనబడిందని తెలుసుకున్న పిల్ల, రేపు పత్రిక చదివినా, పక్కింటివాళ్ళతో తగువు వచ్చినా, రెండోసారి చూడటం నేర్చుకుని ఉంటుంది. ఇంత పెద్ద చదువు ఎనిమిది నిమిషాల్లో మొదలుపెట్టగల కళను మనం ఇంకా వాడుకోవడం లేదు. ఇప్పుడైనా వాడుకోవాలి.